బాయి నీళ్ల పుస్తకం

నా చిన్నప్పుడు మా ఊర్లో నీళ్లకు పుస్తకం పెట్టిన మనిషి మా తాత ఒక్కడే. ఆయనకు చదువు రాదు, వేలిముద్ర వేసేవాడు. ఆయన నీళ్లు చూసి చెప్తే ఐదో తరగతి చదివే నేను రాసేదాన్ని. ఈ సంగతి మా పిల్లలకు చెప్పాను, నాతో పనిచేసేవాళ్లకు చెప్పాను. ఎప్పుడు చెప్పినా సగమే చెప్పాను. తాత ఎంత పట్టుదల మనిషో చెప్పి, అక్కడ ఆపేసి, వేరే మాటల్లోకి పోయేదాన్ని. మిగిలిన సగంలో నేనున్నాను. అది చెప్పడానికి నలభై ఏళ్ల పైనే పట్టింది.

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి పోయే రోడ్డు మీద బస్సు దిగి, లోపలికి నడిస్తే మా ఊరు. అప్పుడప్పుడే చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. మా నాయన ఒక దాంట్లో షిఫ్టు పనికి కుదిరాడు. తాతకు మాత్రం ఊరికి పడమర ఉన్న మూడెకరాలే లోకం. దాని నడుమ రాతికట్టు బాయి ఒకటి ఉండేది, తాతవాళ్ల నాయన తవ్వించింది. ఎండాకాలం ఊర్లో చేదబాయిలు అడుగంటితే జనమంతా బిందెలు పట్టుకుని మా చేనుకే వచ్చేవారు. ఆ నీళ్లు తియ్యగా ఉంటాయని పేరు.

మా చేనుకు ఎగువన ఒక ఫ్యాక్టరీ వచ్చింది. దాని మురికి కాలువ మా గట్టు పక్క నుంచే పోయి వాగులో కలిసేది. రెండు పంటలు తిరిగేసరికి నారు కొసలు మాడడం మొదలైంది. బర్రె తొట్టి దాకా వచ్చి, వాసన చూసి, మూతి పక్కకు తిప్పేది. బిందెలో నీళ్లు రెండు రోజులుంటే మందుసీసా మూత తీసినట్టు వాసన కొట్టేది. ఊరివాళ్లు పదిమంది కలిసి సంగారెడ్డిలోని సర్కారు ఆఫీసుకు పోయారు. తాత కూడా పోయాడు. అక్కడి సారు వాళ్ల అర్జీ చదివి, “ఎన్నడు సంది ఇట్లున్నయి? రోజూ ఉంటదా, ఎప్పుడో ఒకనాడా? రాసిపెట్టిందేమన్న ఉందా?” అని అడిగాడట. రాసిపెట్టింది ఎవరి దగ్గరా లేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అందరూ ఆ సారును తిట్టుకున్నారు.

మరుసటి వారం తాత అంగడికి పోయి గట్టి అట్ట ఉన్న పొడుగు నోటుబుక్కు ఒకటి కొనుక్కొచ్చాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నాడు.

“బిడ్డా, సారు అడిగిన ముచ్చట తప్పేం కాదు. ఎన్నడు సందో మనకే తెల్వకపోతె ఆయనకెట్ల తెలుస్తది? ఇగ ఇయ్యాల్టి సంది రాద్దాం. ఒక్క ఏడు. రోజూ పొద్దుగాల. నేను సూస్త, నువ్వు రాయి.”

మా బడి పంతులు ఆ పుస్తకంలో ప్రతి పేజీకి నంబరు వేసి ఇచ్చాడు. పేజీ చింపొద్దు, కొట్టివేతలు చెయ్యొద్దు, దిద్దినట్టు కనిపిస్తే ఆఫీసులో ఎవరూ నమ్మరని చెప్పాడు. తాత ఆ మాటను మనసుకు పట్టించుకున్నాడు.

పొద్దు పొడవకముందే లేచేవాళ్లం. చేనుకు ఇరవై నిమిషాల నడక. తాత దగ్గర మూరకొక ముడి వేసిన తాడుండేది, దాని కొసకు ఇత్తడి చెంబు కట్టి ఉండేది. గట్టు మీద నిలబడి మెల్లగా వదిలేవాడు. చెంబు నీళ్లను తాకిన చప్పుడు వినగానే చెయ్యి ఆపి, ఎన్ని ముడులు దిగాయో చెప్పేవాడు. చెంబు పైకి లాగి, నీళ్లు గాజు గ్లాసులో పోసి, అప్పుడే పొడుస్తున్న పొద్దుకు ఎదురుగా పట్టి చూసేవాడు. వాసన చూసేవాడు. ఒక్కోసారి నాలుక కొసకు తగిలించుకుని ఉమ్మేసేవాడు. అన్నీ అయ్యాకే నోరు విప్పేవాడు. నేను తేదీ, ముడులు, నీళ్ల రంగు, వాసన రాసేదాన్ని. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాక రాసింది చదవమనేవాడు. కళ్లు మూసుకుని వినేవాడు.

అట్లా ఎనిమిది నెలలు నడిచింది. వానల్లో బురదకు కాలు జారుతుంటే నన్ను చంకనెత్తుకుని తీసుకుపోయాడు. పెండ్లికి పోయిన రోజు కూడా చీకటితో లేచి బాయి చూసుకున్నాకే బస్సెక్కాడు. మొదట్లో ఊరివాళ్లు నవ్వారు. తర్వాత తర్వాత, “ఇయ్యాల ఎన్ని ముడులే తాతా?” అని నిజంగానే అడగసాగారు. నాకు ఎంత గర్వంగా ఉండేదో! బడిలో నా చేతిరాతను పంతులు మెచ్చుకుంటే, ఇది సర్కారు చూసే రాత అని లోపల మురిసిపోయేదాన్ని.

చలికాలం మొదట్లో ఒకరోజు కాలువ దాటుతుంటే తాత అరికాలు గాజుపెంకు మీద పడి తెగింది. పసుపు పెట్టి గుడ్డ కట్టాడు. వారానికి కాలు తొడ దాకా వాచింది. సంగారెడ్డి తీసుకుపోతే డాక్టరు పుండు కోసి, కట్టు కట్టి, నలభై రోజులు కాలు కింద పెట్టొద్దన్నాడు. మా నాయనకు పొద్దుటి షిఫ్టు. అమ్మకు ఇంటిపని, పాడిపని. తాత మంచంలో పడుకుని నన్ను పిలిచాడు.

“ఇగ నీ మీదనే ఉంది బిడ్డా. ఒక్కదానివి పోతవా? బుగులైతదా?”

“నాకేం బుగులు? పోత,” అన్నాను.

పది రోజులు బాగానే పోయాను. నిజంగా పోయాను. చెంబు దించాను, ముడులు లెక్కపెట్టాను, ఆయన లాగే గ్లాసును పొద్దుకు పట్టి చూశాను. కానీ తాత పక్కన నడిచినప్పుడు తెలియని చలి, ఒంటరిగా నడిస్తే తెలిసింది. మంచుకు తడిసిన జొన్న కొయ్యలు పిక్కలకు గీసుకునేవి. దారి సగంలో కొత్త ఫ్యాక్టరీకి పునాదులు తీస్తున్నారు. పాలమూరు నుంచి వచ్చిన కూలీలు అక్కడే గుడిసెలు వేసుకున్నారు. పొద్దున్నే గుడిసెల ముందు పెద్ద మంట ఉండేది. నా ఈడు పిల్ల ఒకతి రోజూ నన్ను చూసి నవ్వేది. ఒకరోజు తిరిగొచ్చేటప్పుడు చేతులు కాచుకోవడానికి ఆగాను. ఆ పిల్ల వాళ్లమ్మ వేడి వేడి జొన్నరొట్టె ముక్క తుంచి పెట్టింది. తర్వాత మేమిద్దరం గచ్చకాయలాడుకున్నాం. ఆ తర్వాత నుంచి పోయేటప్పుడు కూడా ఆగడం మొదలుపెట్టాను.

ఒకరోజు ఆటలో పొద్దెక్కిపోయింది. బడికి టైమైంది. నిన్న పద్నాలుగు ముడులు, మొన్న పద్నాలుగు ముడులు. ఇవాళ మాత్రం మారుతుందా అనుకున్నాను. మంట పక్కనే పుస్తకం తెరిచి, “ముడులు పద్నాలుగు. నీళ్లు తెల్లగ ఉన్నవి. వాసన కొద్దిగ” అని రాసేశాను. ఇంటికొచ్చి తాతకు చదివి వినిపించాను. ఆయన ఎప్పటిలాగే కళ్లు మూసుకుని విని, “మంచిది బిడ్డా, సల్లగుండు” అన్నాడు.

నేను భయపడినట్టు ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడంతోనే చెడిపోయాను. తర్వాత రెండు రోజులకొకసారి బాయి దాకా పోయాను. ఇంకొన్నాళ్లకు అదీ లేదు. ఒక ఆదివారం పొద్దున ఆ మంట దగ్గర కూర్చుని, రాబోయే శనివారం దాకా ఆరు రోజుల రాత ముందే రాసిపెట్టుకున్నాను. అన్నీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని ఒకరోజు పద్నాలుగు, ఇంకోరోజు పద్నాలుగున్నర అని వేశాను. ఆ అర ముడి తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం నేను అద్దంలో చూసుకోలేను. తప్పించుకున్నది పిల్లతనం అనుకోవచ్చు. కానీ ఆ అర ముడి పిల్లతనం కాదు, తెలివితో చేసిన మోసం. అది వేసినప్పుడు నా తెలివికి నేనే నవ్వుకున్నాను కూడా.

ఆ వారం బుధవారం పొద్దున మంట దగ్గర నుంచి ఇంటికొచ్చి, పుస్తకం చంకలో పెట్టుకుని అప్పుడే గడపలో అడుగు పెడుతున్నాను. మా పక్క చేను కాక పరుగెత్తుకుంటూ వచ్చాడు. కాకంటే సొంత చిన్నాయన కాదు, ఊరి వరసకు అట్లా పిలిచేదాన్ని. ఆయన చేతిలో బకెట్టు ఉంది. తాత మంచం పక్కన దించాడు. నీళ్లు పసుపు కలిపినట్టున్నాయి. వాటి మీద నాలుగు చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. వాసనకు అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“మీ బాయిలయే పెద్దనాయనా! పైనంత చచ్చిన చాపలే. రాత్రి ఏం ఇడిసిండ్రో ఏమో,” అన్నాడు కాక రొప్పుతూ. నన్ను చూసి, “నువ్వు గిప్పుడే పోయొస్తున్నవ్ గదా బిడ్డా, సూసినవా?” అన్నాడు.

“చూసిన,” అన్నాను.

తాత మోచేతి మీద లేచి కూర్చున్నాడు. ఆయన మొహంలో బాధ ఉంది, కానీ బాధతో పాటు ఇంకేదో వెలుగు కూడా ఉంది. ఎనిమిది నెలలుగా ఎదురుచూసిన రుజువు దొరికింది కదా.

“రాసినవా బిడ్డా?”

“రాసిన తాతా.”

“పసుపు రంగని రాసినవా? చాపలు రాసినవా?”

“అన్నీ రాసిన.”

ఆ పొద్దున నేను చెప్పిన మూడు మాటలూ మూడు అబద్ధాలు. చదివి వినిపించమంటాడేమోనని పుస్తకాన్ని వీపు వెనక పెట్టుకున్నాను. కానీ అప్పటికే జనం మూగారు, అందరూ బాయి వైపు పరుగెత్తారు, ఆ సందడిలో ఆయన అడగలేదు.

సాయంత్రం కొట్టం వెనక కూర్చుని పుస్తకం తెరిచాను. బుధవారం కింద గురువారం, శుక్రవారం, శనివారం అన్నీ నా అందమైన చేతిరాతలో నిండి ఉన్నాయి. కొట్టేస్తే తెలుస్తుంది. పేజీ చింపితే నంబరు తప్పుతుంది. తాతకు చెప్పేస్తే అయిపోయేది. చెప్పాలని మంచం దాకా పోయాను కూడా. ఆయన ఎవరితోనో, “మా పిల్ల ఒక్కనాడు తప్పలే” అంటున్నాడు. వెనక్కి వచ్చేశాను.

ఆ మరునాటి నుంచి నేను ఒక్కరోజు కూడా బాయికి పోకుండా లేను. మంట వైపు చూడకుండా నడిచాను. నిజమే రాశాను. శనివారం దాకా ముందే రాసిన గీతల మీద రాయడానికి చోటు లేక, ఆ రోజులు ఊరికే చూసి వచ్చాను. ఎంత చూసినా ఆ బుధవారం మాత్రం మారలేదు.

చేపల సంగతి మీద ఊరివాళ్లు మళ్లీ అర్జీ పెట్టారు. నెల దాటాక ఆఫీసు నుంచి సారు జీపులో వచ్చాడు. ఆయన వెంట ఫ్యాక్టరీ మనిషి కూడా ఉన్నాడు. బడి నుంచి కుర్చీలు తెచ్చి బాయి గట్టు దగ్గర వేశారు. ఊరు ఊరంతా వచ్చింది. తాత ఉతికిన ధోతి కట్టి, రుమాలు చుట్టి, కర్ర ఊతంతో కుంటుకుంటూ వచ్చాడు. పుస్తకాన్ని తెల్ల తువ్వాలలో చుట్టి తెచ్చి రెండు చేతులతో సారుకిచ్చాడు. నేను ఆయన పక్కనే నిలబడ్డాను. అక్కడ నిలబెట్టింది కూడా ఆయనే. “రాసింది నా మన్మరాలు సారూ” అని చెప్పుకున్నాడు.

సారు పేజీలు తిప్పుతుంటే ఆయన మొహం మెత్తబడింది. “ఇంత ఓపికతోని రాసినోళ్లను నేను చూడలే,” అన్నాడు. తర్వాత, చేపలు చచ్చింది ఏ రోజని అడిగాడు. కాక తేదీ చెప్పాడు. సారు వేలు పెట్టి వెతికి, ఆ గీతను గట్టిగా చదివాడు.

“ముడులు పద్నాలుగున్నర. నీళ్లు తెల్లగ ఉన్నవి. వాసన కొద్దిగ.”

సారు మళ్లీ ఒకసారి తనలో తాను చదువుకుని, కింది మూడు గీతలు కూడా చూశాడు. ఫ్యాక్టరీ మనిషి చేతిగుడ్డతో మూతి తుడుచుకున్నాడు.

“నీళ్లు మంచిగున్నయని మీ పుస్తకమే చెప్తుంది. మీ మాట నమ్మాల్నా, పుస్తకం నమ్మాల్నా?” అన్నాడు సారు.

తాత తల తిప్పి నన్ను చూశాడు. ఒక్క క్షణమే. కోపం లేదు ఆ చూపులో. అర్థం చేసుకోవడానికి కావలసినంత సేపు చూసి, తల తిప్పుకున్నాడు.

“తప్పు నాదే సారూ,” అన్నాడు. “కాలు బాగలేక మంచంల ఉన్న. సలిల పిల్లను పంపబుద్ధి కాలే. నిన్నటిదే ఇయ్యాల గూడ ఉంటదనుకొని నేనే సెప్పి రాయించిన. పిల్లకేం తెల్వదు.”

కాక ఏదో అనబోయాడు. తాత ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. సారు పుస్తకం మూశాడు. “పెద్దమనిషీ, ఒక్కటి చూడకుండ రాసినవంటే తక్కినవి చూసే రాసినవని నాకేం నమ్మకం?” అని పుస్తకం ఆయన చేతిలో పెట్టి లేచాడు. జీపు పోయింది.

అప్పుడు మొదలయ్యాయి మాటలు. ఊరి పరువు తీశావని ఒకరు, మంచంలో పడుకుని బాయి కొలిచిన మొనగాడివని ఒకరు. ఎనిమిది నెలల రాత అంతా ఇట్లాగే రాయించి ఉంటాడని ఇంకొకరు. వానలో, బురదలో, ఒక్కరోజు తప్పకుండా నడిచిన మనిషిని అన్నారు ఆ మాటలు. ఆయన తల వంచుకుని విన్నాడు. నేను ఆయన ధోతి అంచు పట్టుకుని నిలబడ్డాను. నోరు తెరిస్తే చాలు. రెండు మాటలు. తెరవలేదు.

ఆ సాయంత్రం దెబ్బల కోసం ఎదురుచూశాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. తాత అన్నం ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని, చెయ్యి కడుక్కున్నాడు. నన్ను ఏమీ అడగలేదు. అమ్మానాన్నలకు ఏమీ చెప్పలేదు.

మరునాడు పొద్దు పొడవకముందే నా భుజం మీద చెయ్యి పడింది.

“లే బిడ్డా. బాయికాడికి పోదాం.”

ఇంకా మానని కాలుతో, ఒక చేత్తో కర్ర, ఇంకో చెయ్యి నా భుజం మీద వేసి నడిచాడు. ఇరవై నిమిషాల దారి గంట పట్టింది. ఆయన బరువంతా నా భుజం మీదే ఉంది. చెంబు దించాడు, చూశాడు, చెప్పాడు. పాత పుస్తకంలో మిగిలిన పేజీలు వదిలేసి, ముందురోజు సాయంత్రమే పంతులు నంబర్లు వేసి పంపిన కొత్త పుస్తకంలో మొదటి గీత రాయబోతుంటే ఆపాడు.

“ఒక్క ముచ్చట. సూసింది రాయి. సూడకపోతే సూడలేదని రాయి. గంతే బిడ్డా.”

ఆ విషయం గురించి ఆయన నాతో అన్నది అదొక్కటే. అంతకుముందు గాని, తర్వాత గాని ఇంకో మాట లేదు. చూడలేదని కూడా రాయవచ్చని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. ప్రతిరోజూ ఏదో ఒకటి నిండి ఉండాలి, ఖాళీ ఉంటే తప్పు అనుకున్నాను.

మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్క. ఈసారి ఎవరూ ఎన్ని ముడులని ప్రేమగా అడగలేదు. “మంచంల నుంచి ఎంతొచ్చిందే ఇయ్యాల?” అని రచ్చకట్ట మీద కూర్చున్నవాళ్లు కేకేసేవారు. తాత చెయ్యెత్తి, “పదిహేను తమ్మీ, వాసన జెర ఎక్కువున్నది” అని నిజంగా అడిగినట్టే జవాబిచ్చేవాడు. ఆయన నవ్వు మొహం పెట్టుకుని పోయేవాడు. వెనక నడిచే నాకు మాత్రం ప్రతి కేకా వీపు మీద రాయిలా తగిలేది. అవన్నీ నాకు పడాల్సినవి.

వానాకాలంలో ఒక పొద్దున కాలువ పొంగి దారి మునిగింది. ఇవతలి ఒడ్డున చాలాసేపు నిలబడ్డాం. తాత కర్రతో లోతు చూసి, తల అడ్డంగా ఊపాడు. ఇంటికొచ్చాక పుస్తకం తెరిచి కూర్చున్నాను.

“ఏం రాస్తున్నవ్?”

“ఇయ్యాల చూడలేదు. కాలువ దాటలేకపోయినం.”

“ఆఁ,” అన్నాడు.

రాస్తుంటే ఏడుపు ఆగలేదు. అక్షరాల మీద కన్నీళ్లు పడకుండా పుస్తకాన్ని దూరం జరిపి రాశాను. తాత వాన వైపు తిరిగి కూర్చున్నాడు. చూసి ఉండడని నేననుకోను. ఆ రోజైనా చెప్పి ఉండాల్సింది. ఆయన వీపు నా వైపు ఉంది, మొహం చూడాల్సిన పని కూడా లేదు. అయినా చెప్పలేదు.

ఏడాది దాటింది. పుస్తకంలో చూడని రోజులు మొత్తం నాలుగు. కాలువ పొంగినవి రెండు, తాతకు జ్వరం వచ్చి, నేను అత్తమ్మ వాళ్లింట్లో ఉన్నది ఒకటి, తాడు తెగి చెంబు బాయిలో పడింది ఒకటి. ఆఫీసుకు కొత్త సారు వచ్చాడని తెలిసి, కాక మళ్లీ తిరిగి తిరిగి ఆయన్ను పిలుచుకొచ్చాడు. ఈసారి కుర్చీలు వేయలేదు, జనం కూడా పెద్దగా రాలేదు. ఆ సారు వయసులో చిన్నవాడు. బాయి గట్టు మీదే కూర్చుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. చాలాసేపు చదివాడు. ఒకచోట ఆగి, వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తిప్పాడు.

“ఇవేంది, చూడలేదు, చూడలేదని?”

“ఆ దినాలు సూడలేదు సారూ,” అన్నాడు తాత.

“ఊకె ఏదో ఒకటి రాసుకుంటే ఎవరికి తెలుస్తది?”

తాత నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను అక్కడే కూలిపోయేదాన్ని. సారు పుస్తకం మూసి, తానే అన్నాడు. “ఈ నాలుగు గీతలున్నయి కాబట్టి తక్కినవన్నీ నమ్ముతున్న.” సీసాల్లో నీళ్లు పట్టుకుని, పుస్తకం కూడా తీసుకుని పోయాడు.

తర్వాత కొన్ని నెలలకు ఊరికి మంచినీళ్ల పైపు వచ్చింది. ఫ్యాక్టరీవాళ్లు కాలువను మా చేల వైపు రాకుండా మళ్లించాల్సి వచ్చింది. నవ్వినవాళ్లలో కొందరు మా అరుగు మీద కూర్చుని తాత చేతులు పట్టుకున్నారు. తాత అనుకున్నది సాధించాడు. అందరికీ నేను చెప్పే కథ ఇక్కడికి అయిపోతుంది. చెప్పనిది ఏమిటంటే, ఆ మొదటి సారు వచ్చిన రోజుకూ పైపు వచ్చిన రోజుకూ నడుమ ఏడాదిన్నర గడిచింది. ఆ ఏడాదిన్నర ఊరు ఆ పాడైన నీళ్లే తాగింది. కాక చిన్న కూతురికి ఒళ్లంతా పుండ్లు లేచి, బడి మానేసి, ఒక తరగతి వెనకబడింది. మా బాయి మళ్లీ బాగుపడలేదు. ఆ బుధవారం నేను బాయి దాకా నడిచి ఉంటే ఇందులో ఎంత తప్పేదో నాకు తెలియదు. ఏమీ తప్పేది కాదని మాత్రం నేనెప్పుడూ అనుకోలేకపోయాను.

నేను నర్సు ట్రైనింగులో ఉండగా తాత పోయాడు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా చెప్పాలనుకునేదాన్ని. పుస్తకం లేకపోయినా ఆయన పొద్దున్నే బాయి దాకా నడిచేవాడు, నేనూ వెంట పోయేదాన్ని. హాస్టల్లో అన్నం ఎట్లుంటదని అడిగేవాడు, పరీక్షలో ఒకసారి తప్పానంటే, “రోజూ జెర జెర సదువు, ఏం కాదు” అనేవాడు. రేపు చెప్తాననుకునేదాన్ని. ఆ పరీక్షకు రోజూ ఎన్ని పేజీలు చదివానో రాసుకుని, చదవని రోజు చదవలేదని రాసుకుని, రెండోసారి గట్టెక్కాను. ఆ సంగతి ఆయనకు చెప్పే వీలు లేకపోయింది.

పోయిన ఎండాకాలం ఊరికి పోయి కాకను కలిశాను. చాలా ముసలివాడైపోయాడు, చెవులు సరిగా వినపడవు. ఆయన చెవి దగ్గర వంగి, ఆ బుధవారం రాత, అంతకుముందు ఇంకా కొన్ని రోజుల రాతలు నేనే చూడకుండా రాశానని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఇంట్లో కోడళ్లు, మనవలు అందరూ విన్నారు. కాక ఆశ్చర్యపోలేదు.

“నాకెర్కనే బిడ్డా. ఆనాడే సారుకు చెప్పబోతి. మీ తాత చెయ్యి పట్టుకున్నడు. తర్వాత అడిగితె ఏమన్నడో ఎర్కనా? ‘నన్ను ఇంక నాలుగేండ్లు నవ్వుతరు, నేను పోత. పిల్లను బతికినన్నాళ్లు నవ్వుతరు’ అన్నడు.”

పుండ్లు లేచిన ఆయన కూతురు ఇప్పుడు పటాన్‌చెరులో ఉంటుంది. ఆమె దగ్గరికి ఇంకా పోలేదు. పోవాలి.

ఇప్పుడు అమీన్‌పూర్‌లో ఉంటున్నాను. సర్కారు దవాఖానాలో ఇన్నేళ్లు టీకాల ఫ్రిజ్జు నా చేతి కింద ఉంది. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి అందులో చల్లదనం ఎంతుందో చూసి, తలుపు మీది కాగితంలో రాయాలి. కొత్తగా వచ్చిన పిల్లలు ఒక్కోసారి వారం రోజులవి కలిపి వేసేస్తారు. రోజూ అంతే ఉంటుంది కదా మేడం అంటారు. నేను వాళ్లను తిట్టలేను. పక్కన నిలబడి తలుపు తీయించి, చూపించి, రాయిస్తాను. ఒకసారి ఎవరూ డ్యూటీలో లేని రోజు కరెంటు పోతే, ఆ పూట చూడలేదని రాశాను. పెద్ద డాక్టరు కోప్పడ్డారు, ఎంతసేపు వేడెక్కాయో తెలియక ఆ టీకాలన్నీ పారేయాల్సి వచ్చింది, నాకు మెమో ఇచ్చారు. తీసుకున్నాను.

మేడంకు మంచి అలవాటు ఉంది, ఒక్క పూట తప్పదు అని అందరూ మెచ్చుకుంటారు. వాళ్లు మెచ్చుకున్నప్పుడల్లా తల దించుకుంటాను, అణకువ అనుకుంటారు. ప్రతి పొద్దున పెన్ను కాగితం మీద పెట్టేముందు నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. తప్పు నాదే సారూ అన్న గొంతు వినపడుతుంది. ఆయన పక్కన నిలబడి నేలచూపులు చూస్తున్న పిల్ల కనపడుతుంది. ఆ తర్వాతే రాస్తాను.